రైలు పట్టాలు తప్పుట: కారణ విచారము

కాకి వచ్చి తాటిచెట్టుపై వ్రాలినంతనే పండు రాలినచో, కాకి వ్రాలుటయే పండు రాలుటకు కారణమని చూపరి తలంచును. దీనికే మన శాస్త్రకారులు కాకతాళీయ న్యాయమని పేరిడిరి. పండు ముందే పండియుండెననియు, తొడిమ ముందే సడలియుండెననియు తలంచువాడు అరుదు. ఒక గొప్ప ప్రమాదము జరిగినపుడు మనము చేయు విచారము తరచుగా ఈ కాకిని వెదకి పట్టుకొనుటతోనే ముగియుచున్నది. తొడిమను పరీక్షించువారు కొలదిమంది. రైలుబండి పట్టాలు తప్పుటను గూర్చి ఈ వ్యాసమున విచారింప బూనుటకు ఇదియే హేతువు.

నేను ఈ విషయమునకు దిగుటకు ఒక చిన్న సందర్భము కలదు. 2021వ సంవత్సరము నవంబరు నెలలో పెన్న పొంగినది. కడప మండలమున చెయ్యేటిపై గల అన్నమయ్య జలాశయపు కట్ట నవంబరు 19వ తేదీ తెల్లవారుజామున తెగి, ఆ నీరు పెన్నలో కలిసి సోమశిలకు వచ్చినది. సోమశిల గేట్లనుండి సెకనుకు 5 లక్షల ఘనపుటడుగులకు మించిన నీరు దిగువకు విడువబడినది. ఆ పిమ్మట బడి తెరచినపుడు ఒక బాలుడు నన్ను ఇట్లడిగెను: "అయ్యవారూ, నెల్లూరు కాడ రైళ్లు నిలిపేసినారంట గదా. నీళ్లు దిగిపోయినాక గూడా ఎందుకు పోనీలేదు? పట్టాలు ఆడ్నే ఉండాయంట గదా?"

పట్టాలు అక్కడనే యున్నవి, నిజమే. వాని క్రింద నేల లేదు, అని చెప్పి పాఠము సాగించితిని. కాని ఆ ఉత్తరము నాకు చాలలేదు. ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతముల వారికి రైలు చిరకాలముగా చుట్టపుచూపు వస్తువు. పడమట కడప మీదుగా పోవు మార్గమొకటి, తూర్పున నెల్లూరు మీదుగా పోవు మార్గమొకటి. నడుమ వెలుగొండలును మేమును. అట్లయినను ఆ రెండు మార్గములకును తగులు నీరు మా ముంగిట ప్రవహించునదే. కావున ఈ ప్రశ్న మాకు పరాయిది కాదు.

బండి పట్టాపై ఎట్లు నిలుచునో తెలిసికొనక, ఎట్లు తప్పునో తెలియరాదు. మన దేశపు బ్రాడ్‌గేజి మార్గమున రెండు పట్టాల నడిమి దూరము 1676 మిల్లీమీటర్లు. చక్రమునకు లోపలివైపున చిన్న గట్టువంటి అంచు ఒకటి యుండును. ఆ అంచు ఎత్తు ఒక అంగుళమునకు కొంచెము మించును గాని ఒకటిన్నరకు రాదు. వందలకొలది జనులను మోయు బండిని పట్టా దాటిపోకుండ ఆపు తుది అడ్డు ఇంతమాత్రమే. అయితే ప్రతిక్షణము బండిని నడిపించునది ఆ అంచు కాదు. చక్రము స్తంభపు ముక్కవలె సమముగా గాక, లోపలివైపున లావై వెలుపలివైపున సన్నగిల్లునట్లు శంకువు ఆకారమున చేయబడును. రెండు చక్రములును ఒకే ఇరుసునకు బిగింపబడియుండును. బండి ఒక ప్రక్కకు జరిగినచో ఆ ప్రక్క చక్రపు లావైన భాగము పట్టాపైకి వచ్చి, ఒక్కొక్క చుట్టునకు ఎక్కువ దూరము పోయి, బండిని మరల నడిమికి త్రిప్పును. వేగము హెచ్చినకొలది ఈ సర్దుబాటే ఊగిసలాటగా మారును. బండిని ప్రక్కకు నెట్టు బలము, దానిని క్రిందికి అణచు బరువు, ఈ రెంటికి గల నిష్పత్తి ఒక హద్దు మీరెనా, చక్రపు అంచు పట్టాపైకి ప్రాకును. పట్టాలు తప్పుట యనగా చాల సందర్భములలో ఇదియే. తక్కిన సందర్భములలో పట్టా విరుగుటయో, రెండు పట్టాల నడుమ ఎడము పెరుగుటయో, పట్టా క్రింది ఆధారము పోవుటయో జరుగును.

ఈ హద్దు మీరుటకు గల కారణములను నాలుగు తెగలుగా విభజింపవచ్చును: మార్గము వలన కలుగునవి, వాహనము వలన కలుగునవి, నడుపువారి వలన కలుగునవి, వెలుపలినుండి వచ్చునవి.

మార్గపు దోషములలో మొదటిది ఇనుపకమ్మికి సహజమైన స్వభావము. వేడికి సాగుట, చలికి ముడుచుకొనుట ఉక్కునకు తప్పదు. కిలోమీటరు పొడవుగల పట్టా 30 డిగ్రీల వేడిమి పెరిగినచో, అడ్డులేని పక్షమున 34 సెంటీమీటర్లకు మించి సాగును. నేటి పట్టాలు అతుకుపెట్టి మిక్కిలి పొడవుగా చేసినవి. అవి సాగకుండ పట్టియుంచునవి స్లీపరు దిమ్మెలును, వాని చుట్టు నింపిన కంకరయు. నెల్లూరు సీమ ఎండలో కంకర వదులైన చోట పట్టా పామువలె ప్రక్కకు మెలితిరుగును. చలికాలపు రాత్రి అదే పట్టా ముడుచుకొని బలహీనమైన అతుకువద్ద తెగును. ఈ రెండు దోషములును ఒక్క దినమున పుట్టునవి కావు. లోపలి పగులు కంటికి కనబడకముందే శబ్దతరంగముల చేత పరీక్షించి కనిపెట్టు యంత్రములు కలవు. యంత్రము పోని దినమున కీమాను కాలినడకన పోయి, సుత్తితో తట్టి, సడలిన కీలమును బిగించుచుండును.

వాహనపు దోషమునకు జర్మనీ దేశపు ఎషెడె గ్రామమున 1998 జూన్ 3న జరిగిన ప్రమాదము ప్రసిద్ధోదాహరణము. ఒక చక్రమునకు తొడిగిన ఉక్కుపట్టీ అలసటచే పగిలి విడిపోగా బండి వంతెన స్తంభమునకు తగిలి 101 మంది చనిపోయిరి. చక్రము చూచుటకు గుండ్రముగనే యుండెను. పగులు లోపల పెరిగినది.

నడుపువారి దోషమునకు జపానుదేశపు అమగసాకి ప్రమాదమును చెప్పుదును. 2005 ఏప్రిల్ 25న ఒక యువకుడైన డ్రైవరు, గంటకు 70 కిలోమీటర్ల వేగము మించరాని వంపున, సుమారు 116 కిలోమీటర్ల వేగమున బండిని నడిపెను. 106 మంది ప్రయాణికులతో తానును మడిసెను. అంతకుముందు ఒక స్టేషనులో బండిని నిలుపవలసిన చోట నిలుపక కొంత ముందుకు పోనిచ్చుటచే ఆలస్యమైనది. ఇట్టి పొరపాటు చేసిన వారికి ఆ రైల్వేలో పేరునకు శిక్షణ, నిజమునకు అవమానము విధింపబడుచుండెను. ఆ భయము అతని మనసును లాగికొనిపోయియుండునని విచారణ సంఘము భావించినది. వేగము కారణము, వేగమునకు కారణము భయము, భయమునకు కారణము కార్యాలయపు పద్ధతి. ఇట్లు ఒక్కొక్క మెట్టు దిగి చూచుటయే విచారము.

ఇక వెలుపలినుండి వచ్చునవి: విద్రోహులు పట్టా తొలగించుట, బండరాయి దొర్లుట, పశువు అడ్డుపడుట, అన్నిటికంటె ముఖ్యముగా నీరు. తెలుగునాట రైలు ప్రమాదముల చరిత్ర చూచినచో, నీటిచేత జరిగినంతటి ఘోరములు మరి దేనిచేతను జరిగినట్లు కానరాదు.

మద్రాసునుండి కడప మీదుగా రాయచూరు వరకు వేసిన మార్గము 1871లో బొంబాయినుండి వచ్చు మార్గముతో కలిసినది. ఆ మార్గముపై కడప మండలపు మంగపట్నము దగ్గర 1902 సెప్టెంబరులో, వర్షములకు ఒక వంతెన కొట్టుకొనిపోగా, మెయిలు బండి దానిలో కూలి సుమారు 70 మంది మరణించిరి. ఆ ప్రాంతపు వాగులన్నియు తుదకు పెన్నలో చేరునవే. 1954 సెప్టెంబరు 27 రాత్రి, కాజీపేట సికింద్రాబాదుల నడుమ జనగామ సమీపమున యశంతి వాగుపై వంతెన పోగా 130 మందికి పైగా చనిపోయిరి. రెండేండ్లు తిరుగకమునుపే, 1956 సెప్టెంబరు 2న జడ్చర్ల మహబూబునగరముల నడుమ మరియొక వంతెన కూలి నూటికి పైగా ప్రాణములు పోయినవి. తరువాత దాదాపు అర్ధశతాబ్దము గడచి, 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున, రేపల్లెనుండి సికింద్రాబాదు పోవు డెల్టా ఫాస్ట్ పాసింజరు నల్లగొండ మండలపు వలిగొండ దగ్గర, వరదకు కొట్టుకొనిపోయిన చిన్న వంతెనవద్ద పట్టాలు తప్పి పడినది. ఎగువ చెరువులు పొంగి తెగుటచే వచ్చిన నీరది. అప్పుడును మృతుల సంఖ్య నూరు దాటినది. డెబ్బదియేండ్ల తేడాతో పుట్టిన తాతమనుమలు ఒకే మృత్యువును ఒకే విధముగా పొందుటను చరిత్ర యనవలెనా, చరిత్ర చదువకపోవుట యనవలెనా, పాఠకులే నిర్ణయింతురుగాక.

నాలుగింటను పోలిక గమనింపదగినది. నాలుగును వానకారునో, దాని వెనువెంటనో జరిగినవి. మహానదులపై గల గొప్ప వంతెనలు కాదు కూలినవి. ఏటికి పది నెలలు ఎండియుండు వాగులపై వంతెనలు. దీనికి కారణము చెరువు కట్ట నెరిగిన రైతునకు సులభముగా బోధపడును. రైలుకట్ట నేలవాలునకు అడ్డముగా పోయినచోట అదియే ఒక పొడవైన చెరువుకట్ట యగును. అయితే చెరువుకట్టకు లోపలివైపున రాతిపరుపు ఉండును, మిగులునీరు పోవుటకు కలుజు ఉండును, కాపు ఉండును. రైలుకట్టకు వంతెన ఖానాలే కలుజులు. ఆ ఖానాల వెడల్పును నిర్ణయించిన ఇంజనీరు ఎగువ చెరువులు నిలిచియుండునను లెక్కతో నిర్ణయించెను. మన చెరువులు గొలుసువలె ఒకదాని క్రింద ఒకటి యుండును. పై చెరువు తెగినచో క్రింది చెరువు దాని నీటిని మోయలేక తెగును. మూడవది ఆ రెంటి భారమును మోయలేదు. వాననీరు గంటలకొలది దిగవలసినది, తెగిన చెరువుల నీరై నిమిషములలో దిగును. అపుడు నీరు వంతెన పునాదుల క్రింది ఇసుకను త్రవ్వివేయును, లేదా కట్ట వెనుక మట్టిని కోసివేయును. ఇనుపదూలము విరుగదు, దాని కాళ్ల క్రింద నేల జారును.

ఇందలి ఘోరమేమన, పట్టాలు మాత్రము తెగక ఉయ్యాల త్రాళ్లవలె గాలిలో వ్రేలాడుచుండును. రాత్రివేళ డ్రైవరునకు తన దీపపు వెలుగున అవి చెక్కుచెదరనట్లే కనిపించును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఆగుటకు ఇంచుమించు ఒక కిలోమీటరు కావలెను. దీపపు వెలుగు అంత దూరము చక్కగా చూపదు. కావున ఇట్టి ప్రమాదమును డ్రైవరు తప్పింపజాలడు. తప్పింపగలవారు ఇరువురే: వానలో లాంతరు పట్టుకొని పట్టావెంట నడచు గస్తీవాడు, ఎగువ చెరువు తెగనున్నదని సకాలమున కబురంపు గ్రామస్థుడు. ఎగువనుండి, తెగినచో రైలుమార్గమునకు హాని చేయగల చెరువులను వేరుగ పట్టికలో చేర్చి, వానకారునకు మునుపు రైల్వేవారును ప్రభుత్వపు ఇంజనీర్లును కలిసి పరీక్షింపవలెనను నియమము మన రాష్ట్రములలో కలదు. నియమము మంచిది. కాని చెరువు ఒక శాఖది, పట్టా మరియొక శాఖది, కలుజు కాలువ దున్నుకొనినవాడు మన గ్రామపు పెద్దమనిషి. మూడింటి నడుమ నీరు తన దారి తాను చూచుకొనును.

ఇట్టి విచారమునకు మనలో అడ్డుపడు దుర్వ్యసనములు మూడు కలవు. మొదటిది, విధి యని తలవంచుట. చచ్చినవారి నుదుటి వ్రాత అంతే యని పలుకువాడు బ్రతికియున్నవారి నుదుట కూడ అదే వ్రాయుచున్నాడు. రెండవది, వెంటనే ద్రోహిని వెదకుట. 2017 జనవరి 21 రాత్రి విజయనగరము మండలపు కూనేరు స్టేషను దగ్గర హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి 40 మంది వరకు మరణించినపుడు, శవములు వెలికితీయక మునుపే విద్రోహమను మాట వ్యాపించినది. జాతీయ దర్యాప్తు సంస్థ కూడ రంగమున దిగినది. విద్రోహము లోకమున లేకపోలేదు, దానిని పరీక్షింపవలసినదే. కాని పరీక్షకు మునుపే దానిని నమ్ముటలో ఒక సౌఖ్యము కలదు: శత్రువు వెలుపల నున్నచో ఇల్లు తుడువ పనిలేదు. మూడవది, చిన్న ఉద్యోగి నొకనిని పట్టి పనినుండి తొలగించి, న్యాయము జరిగినదని తృప్తిపడుట. అన్వయ వ్యతిరేకములు రెండును చూడక కారణము నిర్ణయింపరాదని తార్కికులు చెప్పుదురు. ఆ గ్యాంగుమాను స్థానమున మరియొకడున్నచో ప్రమాదము తప్పియుండెడిదా? తప్పదేని, అతడు కారణము కాడు, కాకి మాత్రమే.

1937 జూలై 17న పాట్నా సమీపమున బిహటాలో జరిగిన ప్రమాదము ఈ విషయమున మన దేశమునకు ఒక పాఠము నేర్పినది. నూటికి పైగా ప్రయాణికులు చనిపోయిరి. ఆనాడు క్రొత్తగా వచ్చిన పసిఫిక్ జాతి ఎక్స్‌బి రకపు ఇంజనులు వేగమున ఊగి పట్టాను ప్రక్కకు వంచునను విమర్శ బలపడినది. ఇంజనులను కొనినవారు, మార్గమును కాచువారు, విచారించువారు అందరును ఒకే గూటివారైనచో నిజము ఎట్లు పొక్కును? ఆ ఇంజనులను పరీక్షించిన సంఘము రైల్వే ఇన్స్పెక్టర్లను రైల్వే బోర్డు అధికారమునుండి విడదీయవలెనని 1939లో చెప్పినది. 1941లో అట్లే జరిగినది. నేడు రైల్వే భద్రతా కమిషనరులు పౌర విమానయాన మంత్రిత్వశాఖకు లోబడియుండుటకు మూలమిదియే. విమానముల శాఖకు రైలుపై విచారమేమని నవ్వువారు ఈ చరిత్ర నెరుగరు. తీర్పరి వాదికిని ప్రతివాదికిని బంధువు కారాదనుటయే అందలి సారము.

లాల్ బహదూర్ శాస్త్రిగారి నడత కూడ ఇచట స్మరణీయము. మహబూబునగరపు ప్రమాదమునకు తాను బాధ్యుడనని ఆయన రైల్వేమంత్రి పదవి విడువ సిద్ధపడగా నెహ్రూగారు అంగీకరింపలేదు. ఆ నవంబరు 23న తమిళదేశపు అరియలూరువద్ద వంతెన కూలి మరల నూటికి పైగా మరణింపగా ఆయన రాజీనామా నిచ్చెను. ఈ మారు అంగీకరింపబడెను. ఆ నీతికి నమస్కరింతము. కాని ఒక సంగతి మరువరాదు: మంత్రి దిగిపోయినంతమాత్రమున వంతెన ఖానా ఒక్క అడుగైనను వెడల్పు కాదు. త్యాగమును కీర్తించి వాగును మరచిన జాతికి త్యాగము వృథా.

ఆ తరువాత సంఘములకు కొదువలేదు. 1962లో కుంజ్రూ, 1968లో వాంఛూ, 1978లో సిక్రీ, 1998లో ఖన్నా, 2012లో కాకోద్కర్ అధ్యక్షులుగా సంఘములు నివేదికలు వ్రాసినవి. 2022లో దేశపు ఆడిటరు జనరలు పట్టాలు తప్పు ప్రమాదములపై ఒక నివేదిక నిచ్చెను. 2017 ఏప్రిల్ నుండి 2021 మార్చి వరకు జరిగిన వానిలో 1129 విచారణ పత్రములను పరీక్షించి, 422 ఇంజనీరింగు శాఖకు, 275 బండ్లు నడుపు శాఖకు, 182 వాహనముల శాఖకు చెందిన లోపములని తేల్చెను. ఇంజనీరింగు లోపములలో అన్నిటికంటె పెద్దది పట్టాను సరిగా కాపాడకపోవుట, అట్టివి 171. ఇందు దైవమునకు గాని గ్రహములకు గాని ఒక్క ప్రమాదమును లెక్కకు రాలేదు.

మరల పెన్నకు వత్తము. 2021 నవంబరు వరదలో రాజంపేట నందలూరుల నడుమ పట్టా క్రింది కట్ట కొట్టుకొనిపోయినది; నెల్లూరునకు ఆవలి గట్టున పడుగుపాడు దగ్గర తూర్పు మార్గమును తెగినది. మద్రాసు బెజవాడలను కలుపుచు 1899నుండి నడచుచున్న మార్గమది. బండ్లు రద్దయినవి, దారి మళ్లింపబడినవి. ప్రయాణికులు విసుగుకొనిరి, కొందరు నిందించిరి. కాని 1902లో మంగపట్నమున జరిగినది 2021లో పడుగుపాడున జరుగలేదు. చెయ్యేటి ఒడ్డున పల్లెలలో పదులకొలది జనులు కొట్టుకొనిపోయిన ఆ దినములలో, ఒక్క పాసింజరు బండియు ఆ గండ్లలో పడలేదు. నీటిని ఎవరును ఆపలేదు, బండిని ఆపిరి. జరుగని ప్రమాదమునకు చరిత్రలో పుట ఉండదు, దానిని తప్పించిన గస్తీవాని పేరు ఏ పత్రికయు ప్రకటింపదు. అట్టివానికి ఈ వ్యాసమున ఒక వాక్యమైనను చెల్లింపవలెనని నా కోరిక.

నేడు నడికుడినుండి శ్రీకాళహస్తికి క్రొత్త మార్గము నిర్మింపబడుచున్నది. అది మా పడమటి సీమ మీదుగా వచ్చి, పెన్నను, దానిలో కలియు వాగులను దాటవలసియున్నది. చిరకాలపు కోరిక తీరుచున్నదని మేము సంతసించుచున్నాము. అయితే చేయవలసిన పని కొంత మాపైనను కలదు. వంతెన ఎత్తును నిర్ణయించు ఇంజనీరు గ్రామమునకు వచ్చి, ఇచట నీరు ఎంతవరకు వచ్చినదని పెద్దలనడుగును. ఆ పెద్దలు చేయి చూపి, అదిగో ఆ చింతచెట్టు మొదలువరకు, అందురు. చెట్టు కొట్టివేసిన పిమ్మట ఆ జ్ఞానము పోవును. ప్రతి గ్రామమున బడిగోడకో గుడిగోడకో వరదనీటి గీతను, సంవత్సరమును చెక్కించుట ఎంతటి పని? చెరువు కలుజు కాలువను దున్నుకొనరాదని గ్రామసభలో గట్టిగా పలుకుట ఎంతటి ధైర్యము? చెరువు తెగునట్లున్నదని స్టేషనుకు కబురంపుట ఎవరి కర్తవ్యమో ముందే నిర్ణయించుకొనుట ఎంతటి వ్యయము? వీనిలో ఒక్కటియు ప్రభుత్వము కొరకు వేచియుండవలసినది కాదు.

ఈ సంవత్సరము మా బడిగోడపై 2021 నాటి నీటి గీతను బాలురచేత వ్రాయించితిని. ప్రశ్న అడిగిన ఆ పిల్లవాడు ఇపుడు పై తరగతికి పోయి వేరొక ఊర చదువుచున్నాడు. అతనికి నేను ఆనాడు ఇయ్యలేకపోయిన ఉత్తరము ఇది.